పార్టునంటే ఊరుకోను

కిడ్నీ మార్చి ఆరు గంటలైంది. మంచానికి వేలాడదీసిన సంచిలో ఒక్క చుక్క మూత్రం పడలేదు. బోరు వేయించినవాడు నీళ్ళ కోసం చూసినట్టు నర్సు దాని వంకే చూస్తోంది.

“డాక్టరు ఫిట్టింగు సరిగ్గా చేసుండడు,” అన్నాడు తెర అవతలి నుంచి ప్లంబరు పని చేసే బావమరిది.

“నోర్ముయ్‌రా. నువ్వు బిగించిన కుళాయి ఒక్కటైనా తిన్నగా పారిందా?” అని మంచం మీది బావ మూలిగాడు.

“గాలి పట్టేసుంటుంది బావా, ఓపిక పట్టు.”

“అసలు పార్టే డొక్కుదేమో!”

“నన్నేమన్నా అను, పార్టునంటే ఊరుకోను!”

అంతలో సంచిలో టపటపా చుక్కలు పడ్డాయి. నర్సు సంబరంగా తెర లాగేసింది. పక్క మంచం మీద, డొక్కకి పెద్ద కట్టుతో, బావమరిది పడుకుని ఉన్నాడు.

“చూశావా? నలభై ఏళ్ళు నా ఒంట్లో ఒక్కరోజు మొరాయించలేదు. నీ దగ్గరికి రాగానే దానికీ బద్ధకం పట్టుకుంది!”