పెద్దమేస్త్రి గోరు

గోరు అబద్ధమాడదు. పాత గిటార్లకు కొత్త మెరుగు వేసే ఆ వీధిలో ఈ మాటను అందరూ నమ్మేవారు. గోరంటే పెద్దమేస్త్రి చూపుడువేలి గోరు. చెక్క చారల్లో సూదిమొనంత గుంట పూడకుండా మిగిలినా ఆయన కళ్ళు మూసుకుని పట్టేస్తాడని ప్రతీతి. ఆయన కాదన్న పనివాడి చేతికి ఆ చుట్టుపక్కల ఎవరూ గిటారు ఇవ్వరు.

"నా గోటికి గుంట తగలని గిటారు ఒక్కటి చేసి చూపించు. ఆ రోజే వెళ్ళి సొంత కొట్టు పెట్టుకో" అని పెళ్ళయిన కొత్తలో అల్లుడికి మాటిచ్చాడు.

ఏడేళ్ళు గడిచాయి. అల్లుడు సీలరు పూసి, లప్పం అదిమి, ఆరాక ఉప్పుకాగితంతో తోమి, మళ్ళీ మొదటికొచ్చేవాడు. గోరు ఎక్కడో ఒకచోట ఆగేది. అక్కడ భూతద్దం పట్టి చూసినా అతడికి ఏమీ కనిపించేది కాదు.

"కళ్ళకి కనపడేదానికి గోరెందుకయ్యా?" అనేవాడు మామ.

కొట్టు కోసం అల్లుడు చూసుకున్న మూలమీది గది యజమాని ఈ మధ్యాహ్నం వరకే ఆగుతానన్నాడు. ఆ తరువాత గది వేరొకరిది.

"అలమారా అద్దం ఏది? పొద్దున గోడని చూస్తూ తల దువ్వుకున్నాను" అంది భార్య, పనిగది గుమ్మంలో నిలబడి.

"అంచు పగిలిందని అద్దాలవాడితో కోయించాను."

"ఇవాళైనా కదులుతామా?"

"మీ నాన్న గోటిని అడుగు."

"అది కత్తిరించేవాడే పుట్టలేదు" అంది ఆమె.

పెద్దమేస్త్రి వచ్చి బల్ల ముందు కూర్చుని, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు అల్లుడు గిటారు మీది గుడ్డ తీశాడు. గుమ్మంలో ఉన్న కూతురు ఏదో అనబోయి ఆగింది.

"చల్లగా ఉందేమయ్యా?"

"రాత్రంతా కిటికీ దగ్గర పెట్టాను మావయ్యా."

గోరు చప్పుడు లేకుండా ఈ చివరినుంచి ఆ చివరికి జారింది. తిరిగి వచ్చింది.

"ఏమీ తగల్లేదా నాన్నా?" అంది కూతురు.

గోరు ఆగింది.

"తొందరపడకమ్మా. ఇదిగో, ఇక్కడ. ఆవగింజలో సగం ఉంటుంది."

"ఇంకోసారి చూడండి మావయ్యా."

"వందసార్లు చూసినా గుంట గుంటే. మళ్ళీ లప్పం పెట్టు. వచ్చే నెల చూద్దాం."

అల్లుడు చేతులు తుడుచుకుని, ఏప్రను విప్పి కొక్కేనికి తగిలించాడు.

"వేలు అక్కడే ఉంచి కళ్ళు తెరవండి" అన్నాడు.

గోటి కింద, గిటారు మీద పరిచిన అలమారా అద్దంలో, పెద్దమేస్త్రికి తన ముఖం కనిపించింది.