పన్నెండెకరాల ఎండ

"ఏమ్మే, నేరుగా లోపలికి వస్తాండావు? ఆడే నిలబడు."

జయరాముడి భార్య సువర్ణ మాటకు ఆ మనిషి గేటు దగ్గరే ఆగిపోయింది. యాభై దాటి ఉంటాయి. వెలిసిన నూలు చీర, చేతిలో గుడ్డసంచి, కాళ్ల నిండా ఎర్రదుమ్ము.

"జయరాముడన్న ఉన్నాడామ్మా?"

"లేడు. ఏం పని?"

"సోలార్ సంగతి మాట్లాడల్ల."

సువర్ణకు అర్థమైపోయింది. పక్క ఊళ్లో సోలార్ పలకలు పరిచినప్పటి నుంచి, వాటిని కడిగి తుడిచే పని కోసం ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరుగుతున్నారు.

"మా పొలంలో ఇంకా గుంజ కూడా నాటలేదు, తుడిచేదానికి అప్పుడే తయారైనావా? నీ వయసుకు ఆ ఎండలో ఒక వరస తుడుస్తావా?"

"అది కాదమ్మా..."

"తెలుసులే. ఆయన వచ్చినాక అడుక్కో. అంతదాకా ఊరికే కూచోకుండా ఈ కాయలు వలువు."

చాటెడు చెనక్కాయలు తెచ్చి మెట్టు మీద పెట్టింది.

ఆమె ఒక్క క్షణం సువర్ణ మొహం చూసింది. తర్వాత సంచి పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చుని వలవడం మొదలుపెట్టింది.

లోపల పెనం మీద పూర్ణం ఓళిగలు కాలుతున్నాయి. మామూలు రోజు కాదు. ఏళ్ల తరబడి విత్తనం కూడా తిరిగి రాని పన్నెండెకరాలను సోలార్ కంపెనీ ముప్పై ఏళ్లకు లీజుకు తీసుకుంటానంది. ఒకటే చిక్కు. ఆ భూమిని జయరాముడి తండ్రి తిప్పేస్వామి దగ్గర తెల్లకాగితం మీద కొన్నాడు. రిజిస్టరు చేయించలేదు. రికార్డుల్లో ఇప్పటికీ తిప్పేస్వామి పేరే ఉంది. అతను పోయి చాలా కాలమైంది. వారసుల సంతకాలు లేనిదే కంపెనీ ముట్టుకోదు.

జయరాముడు వెతికి వెతికి బెంగుళూరులో ఉన్న తిప్పేస్వామి కొడుకు ప్రతాప్‌ను నిన్న ఫోన్లో పట్టుకున్నాడు. "సరే, రేపు వస్తాం" అన్నాడతను. కంపెనీ మనిషి ఆఫ్తాబ్‌ను వెంటబెట్టుకుని, జయరాముడు ఇప్పుడు హైవే మీద అతని కోసం కాచుకుని ఉన్నాడు.

"దప్పికైతాంది, నీళ్లిస్తావామ్మా?"

"దోసిలి పట్టు. చెంబు తగిలించుకోబాక."

సువర్ణ ఎత్తు నుంచి పోసింది. సగం నీళ్లు చీర మీద పడ్డాయి.

"ఎకరాకు ఎంతిస్తారంట?" ఆమె మూతి తుడుచుకుంటూ అడిగింది.

"నువ్వేమన్నా కొంటావా?" సువర్ణ నవ్వింది. "ఇన్నేండ్లు ఈ ఎండకు మాడి సచ్చినాం. ఇప్పుడు ఆ ఎండకే బాడుగ ఇస్తారంట. దేనికైనా తెలివి ఉండల్ల. ఈ భూమి ముందు తిప్పేస్వామి అని ఒకడిది. వానికి తెలివుంటే రెండు మూటల జొన్నలకు రాసిచ్చి పోతాడా?"

ఆమె వేళ్లు ఆగాయి.

"రెండు మూటలేనా?"

"ఆ కరువులో అదే ఎక్కువ. మా మామ దయ తలచినాడు."

ఆమె మళ్లీ వలవసాగింది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది.

"తూర్పు మూలన సమాధి ఉండాది కదమ్మా. దాన్ని ఏం చేస్తారు?"

"ఆ రాళ్లకుప్పా? ఎవడో కూలోడిది. జేసీబీ పెట్టి చదును చేయమని చెప్పినాం. ఇంకో నాలుగు పలకలు పడతాయి."

"దాని వరకు వదిలేస్తే కాదా?"

"ఎండ పడే జాగా అంతా దుడ్లే. సచ్చినోళ్లకు యాడ వదిలేది? నువ్వు వలువు."

ఆమె వలిచింది. పప్పు చాటలోకి, పొట్టు ఒక పక్కకు చేసింది. మెట్టు చేత్తో తుడిచి లేచి నిలబడింది.

"వస్తానమ్మా."

"ఆయన రాకముందే పోతావా? పని వద్దా?"

"వద్దమ్మా."

"మాడిన ఓళిగ ఒకటి ఉండాది, పెడదామనుకుంటి. పొగరు చూడు."

ఆమె వెనక్కి తిరగలేదు.

మూడు గంటలకు కారు వచ్చి ఆగింది. సువర్ణ కొంగు సర్దుకుంటూ గేటు దాకా ఎదురెళ్లింది. ప్రతాప్‌కు వాలుకుర్చీ వేసింది. గాజుగ్లాసులో మజ్జిగ, పళ్లెంలో నెయ్యి కారే ఓళిగలు పెట్టింది.

"తిను నాయనా. ఇది మీ ఇల్లే అనుకో."

ఆఫ్తాబ్ కాగితాలు పరిచాడు. "ఐదింటి లోపల పంపించల్ల సార్. లేకపోతే మా వాళ్లు రోడ్డు అవతలి పొలాలకు పోతారు. ఇంక ఈ పక్కకు రారు."

ప్రతాప్ పెన్ను తీసుకున్నాడు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

"ఊఁ." చాలాసేపు విన్నాడు. "సరే. అట్లనే."

పెన్నుకు మూత పెట్టి ఆఫ్తాబ్ చేతికి ఇచ్చేశాడు.

"సంతకం పెట్టం."

జయరాముడు లేచి నిలబడ్డాడు. "ఏమప్పా, ఇంతలో ఏమైంది? బాడుగలో భాగం కావాలంటే చెప్పు, ఇస్తాం."

"బాడుగ మీరే తినండన్నా. మా నాయన సమాధికి నాలుగు గజాలు వదిలితే చాలు, ఊరికే సంతకం పెట్టిపోదామనుకున్నాం. అడిగితే కుదరదన్నారంట కదా."

"ఎవురు అడిగినారు? ఎవురన్నారు?" జయరాముడు భార్య వైపు తిరిగాడు. "ఇంటికెవరన్నా వచ్చినారా?"

"ఎవురూ రాల్యా." సువర్ణ గొంతు తగ్గింది. "పలకలు తుడిచే పనికని ఒక కూలిది వచ్చింది, అంతే."

ప్రతాప్ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఆమె మా అక్క మారెక్క, ఆ లీజు కాగితాల మీద మొదటి సంతకం పెట్టాల్సింది ఆమేనమ్మా," అన్నాడు.