ఆఖరి వరుస

నా భర్త షౌకీ పోయాక ఇల్లు కదలకుండా గడిపిన నా నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ రేపటితో తీరుతుంది. పొద్దున్నే షౌకీ కంప్యూటర్‌ని మేనకోడలు నిహాల్ తీసుకెళ్తుంది. అందులో ఆయన నాకు రాయడం నేర్పిన పాఠాల ఫైలుంది. ఆయన ఒక వాక్యం రాసేవాడు. నేను దాని కింద రాసేదాన్ని. బాగుంటే పక్కన నక్షత్రం పెట్టేవాడు. నా తప్పులు ఇంకెవరూ చూడకూడదని చెరిపేయబోయాను.

"ఈ ఫైలు వాడకంలో ఉంది" అంది తెర.

నిహాల్‌కి ఫోన్ చేశాను.

"అదీ నీలాగే మొండిది అత్తా! ఆపేసి, సేఫ్ మోడ్‌లో మళ్ళీ ఆన్ చెయ్యి. అప్పుడిక ఆ ఫైలుని ఇంకే ప్రోగ్రామూ పట్టుకోదు."

అలాగే చేశాను. రాత్రయింది, మా దమ్యాత్ ఊరి వడ్రంగి వీధిలో రంపాల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. తెర మళ్ళీ అదే మాట అంది.

"ఇంకెవరైనా తెరిచారేమో చూడు" అని నవ్వింది నిహాల్.

"ఇంట్లో నేనొక్కదాన్నేనే తల్లీ."

ఫైలు తెరిచాను. ఆఖరి వరుస ఆయన పోయిన రోజు నా అంతట నేను రాసింది: "షౌకీ, భోజనానికి తొందరగా రా." దాని పక్కన నిన్నటిదాకా ఖాళీయే. ఇప్పుడు నక్షత్రం ఉంది.

లేచి వెళ్ళి, ములుఖియ్యా ఆకుకూర పులుసు వేడి చేసి, రెండు కంచాలు పెట్టాను.