తొమ్మిదో గది తాళం

“లోపలికి వెళ్ళను గాక వెళ్ళను,” అంది డెజరే, తొమ్మిదో గది గుమ్మం పక్కన గోడకి వీపు ఆనించి.

బెల్మార్ కౌంటీ జువెనైల్ హోంలో డ్యూటీ మారే వేళ అది. పాత కాపలావాళ్ళు వెళ్ళి కొత్తవాళ్ళు వచ్చేదాకా పిల్లలంతా గదుల్లో ఉండాలి, తలుపులకి తాళాలు పడాలి. మిగతా అమ్మాయిలందరూ బూట్లు గుమ్మం బయట విడిచి, వట్టి మేజోళ్ళతో లోపలికి వెళ్ళిపోయారు. డెజరే ఒక్కతే మొండికేసింది. అదీ జడ్జి ఆర్మెంటా తనిఖీకి వచ్చిన రోజున, ఆవిడ కళ్ళెదుటే.

సూపరింటెండెంట్ ప్రూయిట్ ముఖాన నవ్వు చెదరనివ్వకుండా గొంతు తగ్గించి అన్నాడు. “ఆదివారం మీ అమ్మ వస్తుంది కదూ? నువ్వు ఇలాగే నిలబడితే ఆవిణ్ణి గేటు దగ్గర నుంచే పంపించేస్తాను.”

డెజరే అమ్మని చూసి నెల దాటిపోయింది. అయినా కాలు కదపలేదు.

“పంపించేయండి. మా అమ్మ నన్ను చూడకపోయినా ఫర్వాలేదు. కాలిపోయాక మాత్రం చూడకూడదు.”

జడ్జి ముందుకు వచ్చింది. “కాలిపోవడం ఏమిటమ్మా?”

“ఈ తాళం ఇరుక్కుపోతుంది మేడమ్. ఇదొక్కటే కాదు, అన్నీ అంతే. మొన్న లాండ్రీలో పొగొచ్చినప్పుడు అందర్నీ బయట మంచులో నిలబెట్టారు, నన్ను తప్ప. నా తలుపు తెరుచుకోలేదు. తలుపు కింద సందులో ముక్కు పెట్టుకుని పడుకున్నా.”

“డ్రయ్యర్‌లో కాస్త దూది అంటుకుంది, అంతే,” అన్నాడు ప్రూయిట్. “చిటికెడు పొగ. తాళాలన్నీ దివ్యంగా ఉన్నాయి జడ్జిగారూ. కథలల్లడం ఈ పిల్లలకి వెన్నతో పెట్టిన విద్య.”

“అంత దివ్యంగా ఉంటే మీరే వెళ్ళండి సార్,” అంది డెజరే. “నా బదులు మీరు కూచోండి. మిస్ ఓడెట్ తాళం వేస్తుంది,” అని పక్కనే ఉన్న కాపలామనిషిని చూపించింది.

గదుల తలుపులకున్న చిన్న అద్దాల వెనక ముఖాలు చేరాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి నవ్వలేదు. ఏం చేస్తావో చూస్తానన్నట్టు ప్రూయిట్ వంకే చూస్తూ నిలబడింది. ఆయన కూడా పెద్దగా తటపటాయించలేదు. మంచి ధీమాగా గుమ్మం మీద అడుగేశాడు.

“ఆగండి సార్. బూట్లు బయట. రూలు మీరు పెట్టిందే.”

జడ్జి చూస్తోంది కాబట్టి విప్పక తప్పలేదు. ఎడమ మేజోడులోంచి బొటనవేలు బయటికి తొంగి చూసింది. అద్దాల వెనక నవ్వులు గట్టిగానే వినబడ్డాయి.

మిస్ ఓడెట్ నడుముకున్న తాళంచెవి తీసింది. తలుపు మూసి తాళం వేసింది.

“చూశారా, మిన్ను విరిగి మీద పడిందా?” లోపల్నుంచి ప్రూయిట్ గొంతు. “ఇంక తియ్యి ఓడెట్.”

మిస్ ఓడెట్ తాళంచెవి పెట్టింది. భుజంతో తలుపుని తోసింది. అరచేతిలో ఊదుకుని మళ్ళీ పట్టుకుంది.

“రావట్లేదు సార్.”

“రాకపోవడమేంటి? సరిగ్గా తిప్పు!”

“తిప్పుతూనే ఉన్నా సార్. చెయ్యి నొప్పెడుతోంది.”

కాసేపటికి తలుపు మీద గుద్దులు మొదలయ్యాయి. “ఇక్కడ గాలాడట్లేదు! చలికి చస్తున్నాను! ఈ టాయిలెట్ కారుతోంది, కాళ్ళు తడిసిపోయాయి!”

“అది కారబట్టి చాలా కాలమైంది సార్,” అంది డెజరే. “చలేస్తే రెండో దుప్పటి ఉంది గానీ, దానికి మంచి నడతకిచ్చే మార్కులు రావాలి. ఇలా తలుపు బాదితే ఉన్న మార్కులు కూడా పోతాయి. గొంతు తగ్గించి, మర్యాదగా అడగండి.”

ఆ మాట ఆ పిల్లలకి ఆయన రోజూ చెప్పేదే. గదుల వరస మొత్తం గొల్లున నవ్వింది.

జడ్జి తలుపు దగ్గరికి వెళ్ళి అద్దంలోకి చూసింది. “ప్రూయిట్‌గారూ, సరిగ్గా ఇప్పుడు మంటలొస్తే ఏం చేస్తారు?”

గుద్దులు ఆగిపోయాయి. తర్వాత వినబడిన గొంతు సూపరింటెండెంట్‌ది కాదు, వట్టి భయపడ్డ మనిషిది. “మార్పించేస్తాను! తాళాలన్నీ మార్పించేస్తాను, ఒక్కటి కూడా ఉంచను! ముందు నన్ను తియ్యండి!”

“అందరం విన్నాం,” అంది జడ్జి. “అవి మారేదాకా ఈ తలుపుల్లో ఒక్కదానికీ తాళం పడకూడదు. ఇది నా ఉత్తర్వు. ఆదివారం ఈ అమ్మాయి వాళ్ళమ్మని గేటు దగ్గర ఆపారో, మీ సంగతి నేను చూస్తాను.”

మిస్ ఓడెట్ మరోసారి ప్రయత్నించింది. ఈసారి తలుపు తెరుచుకుంది. అంత చలిలోనూ ప్రూయిట్ చెమటతో తడిసిపోయి ఉన్నాడు. ఎవరి ముఖమూ చూడకుండా బూట్లు చేత్తో పట్టుకుని నడవా దాటి వెళ్ళిపోయాడు. జడ్జి ఆయన వెనకే వెళ్ళింది, ఇంకా అడగాల్సింది చాలా ఉన్నట్టు.

మిస్ ఓడెట్ మిగతా గదుల తాళాలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. రెండు మొరాయించాయి. ఒకదాన్ని కాలితో తన్నితే గానీ రాలేదు. అమ్మాయిలు కేకలు పెడుతూ నడవాలోకి వచ్చారు. కొందరు డెజరేని ఎత్తుకోబోయారు. ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది.

“ఇన్నాళ్ళూ చెబితే ఒక్కరూ నమ్మలేదు, మిస్ ఓడెట్,” అంది. “మొత్తం వరసలో నా తాళమే పరమ చెత్తది కదా?”

మిస్ ఓడెట్ చుట్టూ ఒకసారి చూసి, ఆమె చెవి దగ్గరికి వంగింది.

“బాగున్నది అదొక్కటే, పిల్లా. జడ్జిగారికి చూపించడానికని నిన్న నువ్వు క్లాసులో ఉండగా ప్రూయిట్ కొత్తది వేయించాడు. తాళంచెవి తిప్పనిది నేనే.”