కన్నీటి కాగితం

ఇలా దగ్గరికి జరగండమ్మా, గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

"ఐదు నిమిషాలు కళ్ళు తెరవొద్దని చెప్పు మీ అమ్మకి," అంది డాక్టరు.

గిరిజ రెండు కళ్ళ కింది రెప్పల్లోంచీ సన్నటి కాగితపు ముక్కలు వేలాడుతున్నాయి. కన్నీరు ఎంత ఊరుతోందో ఆ కాగితం తడిని బట్టి తెలుస్తుందట. పక్క కుర్చీలో కూతురు రేష్మ అది తడవకూడదని మనసులోనే మొక్కుకుంటోంది.

కన్నతల్లికి రోగం ఉండాలని మొక్కే కూతురుంటుందా అంటారేమో. ఉంది మరి. రేష్మ తండ్రి వీరభద్రరావు పోయి ఏడాది కావస్తోంది. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రపు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ తెలుగింట పూజైనా ముందుండే మనిషి. ఫ్యునరల్ హోమ్‌లో ఆయన్ని చూసి, వచ్చినవాళ్ళంతా ఏడ్చారు, భార్య మాత్రం ఒక్క చుక్క రాల్చలేదు. "అది గుండె కాదమ్మా, బండ," అని ఎవరో అన్నమాట రేష్మ చెవిన పడింది. ఆనాటినుంచి తల్లీకూతుళ్ళ మధ్య ముక్తసరి మాటలే. వచ్చే ఆదివారం సంవత్సరీకం. అమ్మ పక్కన ఏ ముఖంతో కూర్చోవాలో రేష్మకి తెలియడం లేదు.

ఇంతలో గిరిజకి కళ్ళమంట, నోరెండడం, పొద్దున లేస్తే చెయ్యి కొయ్యబారడం మొదలయ్యాయి. ఒంటిని కాయాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడి, కీళ్ళని పట్టేసి కన్నీటిని ఎండగట్టే జబ్బు ఒకటుందని, అదేమో చూపించుకోమని ఇంటి డాక్టరు ఇక్కడికి పంపాడు. ఆ మాటతో రేష్మకి ప్రాణం లేచొచ్చింది. అయితే అమ్మ ఏడవక కాదు, ఏడవలేక.

"రేష్మా," కళ్ళు మూసుకునే పిలిచింది గిరిజ. "పొద్దున ఇంటికొచ్చావుగా, బేస్‌మెంట్ మెట్ల దగ్గర నాన్న చెప్పులు కదిపావా?"

"లేదమ్మా. తీసేద్దామంటే నువ్వే వద్దంటావుగా."

"వద్దు, ఉండనీ. తెల్లారేసరికి కింద గొంతు సవరించుకుంటారు. వినపడగానే వెళ్ళి చెప్పులు చూసుకుంటాను, ఉన్నాయా లేవా అని."

ఏమిటన్నట్టు చూసింది డాక్టరు. "నాన్నని బాగా మిస్ అవుతోంది. ఇంకా ఆయన గొంతు వినిపిస్తుందట," అని ఇంగ్లీషులో చెప్పింది రేష్మ.

సరిగ్గా అప్పుడే తలుపవతల ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. గిరిజ ఎడమచెయ్యి చటుక్కున పైటకిందికి పోయింది.

టైమైంది. డాక్టరు కాగితాలు తీసింది. రెండూ నిలువెల్లా తడిసి ఉన్నాయి.

"కన్నీళ్ళకేమీ కొదవ లేదు. బ్లడ్ టెస్టులూ బాగున్నాయి. ఈమెకి ఆ జబ్బు లేదు."

రేష్మ ముఖం వాడిపోయింది. "మరి ఆ చెయ్యి? పొద్దునపూట కాఫీ కప్పు కూడా పట్టుకోలేకపోతోంది."

"రెండు చేతులా?"

"ఎడమదే."

"ఈ జబ్బయితే మామూలుగా రెండిటినీ పడుతుంది." డాక్టరు తెరమీద ఎక్స్‌రే పెట్టి, ముంజేతి ఎముక మీద వేలుంచింది. "ఇక్కడ విరిగి అతుక్కుంది. నొప్పి దీనిదే."

"ఓ, అదా. నేను థర్డ్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు స్నోలో జారిపడింది." రేష్మకి నవ్వొచ్చింది. "'మా ఆవిడ మిషిగన్ వచ్చినా మంచులో నడక నేర్వలేదు' అని నాన్న ప్రతి పార్టీలో చెప్పి నవ్వించేవారు."

డాక్టరు నవ్వలేదు. వేలు కాస్త పైకి జరిపింది. ఇంకాస్త పైకి జరిపింది.

"ఇక్కడా. ఇక్కడా. మొత్తం మూడుసార్లు, ఒక్కోటి ఒక్కో కాలంలో."

రేష్మ తల్లివైపు తిరిగింది. "మూడుసార్లు పడ్డావా అమ్మా?"

"స్నోలోనేనమ్మా," అంది గిరిజ, తలుపు మీంచి చూపు తిప్పకుండా. "మీ నాన్న చెప్పేవారుగా."

విన్నారుగా తల్లీ, ఇది మనసులో పెట్టుకోండి, నలుగురికీ చెప్పండి. గిరిజది బండ గుండె అనేవాళ్ళు ఎక్కడ ఎదురైనా, ఈ ఒక్క ముక్కా వాళ్ళ చెవిన వేయకుండా కదలకండి.

ఆ చెయ్యి మూడుసార్లూ విరిచింది వీరభద్రరావే.