మర్యాద నీళ్లు

వాగులో చేపపిల్లలు ఊపిరాడక పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లెక్కడో పాడయ్యాయని తాబేలవ్వకి అర్థమైంది. కానీ వాగు పొడుగునా తానొక్కతే ఎక్కడ తిరుగుతుంది? "ఎవరుండే చోటి నీళ్లు వాళ్లు దొన్నెలో పట్టుకురండర్రా" అని అందరికీ కబురంపింది.

తెల్లారేసరికి దొన్నెలు బారులు తీరాయి. అవ్వ రుచి చూస్తే అన్నీ కొబ్బరినీళ్లలా ఉన్నాయి.

"ఏరా ఎండ్రకాయా, ఇవెక్కడ ముంచావు?"

"పైన ఊట దగ్గర అవ్వా. అందరం అక్కడే ముంచాం. పెద్దదానివి, నీ నోటికి మా ఇంటి మురికినీళ్లు అందిస్తామా?" అంది ఎండ్రకాయ గొప్పగా.

అవ్వకి నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి. "మీ మర్యాద తగలెయ్య! నేనేమైనా చుట్టపుచూపుగా వచ్చానా? మీ గుమ్మం ముందు నీళ్లు తెండి. జబ్బెక్కడుందో అవే చెబుతాయి."

మర్నాడు కప్ప నీళ్లు బాగున్నాయి, నత్త నీళ్లూ బాగున్నాయి. ఎండ్రకాయ మాత్రం సిగ్గుపడుతూ తన దొన్నెని అన్నిటికీ వెనకాల పెట్టింది. గుప్పున కంపు కొట్టింది. అవ్వ దాన్ని తీసి అన్నిటికీ ముందు పెట్టి, "దొరికింది! పదండి" అంది.

ఎండ్రకాయ ఇంటి మలుపులో కుళ్లిన ఆకుల దిబ్బ వాగుకి అడ్డం పడి ఉంది. అందరూ కలిసి లాగేసరికి నీళ్లు గలగలా సాగాయి.

సాయంత్రం ఎండ్రకాయ మళ్లీ దొన్నె పట్టుకొచ్చింది.

"ఊట నీళ్లా?" అంది అవ్వ.

"మా ఇంటివే అవ్వా. తాగి చూడు."