సబ్బు కంపెనీ యుద్ధం

“నాటకంలో ‘బానిస’ అన్న మాట వినపడకూడదు. దక్షిణాది వాళ్ళు నొచ్చుకుంటారు,” అన్నాడు విట్లాక్.

ఆయన సబ్బు కంపెనీ మనిషి. మా న్యూయార్క్ టీవీ నాటకానికి డబ్బు వాళ్ళదే గనక, బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న అమెరికా అంతర్యుద్ధాన్ని కూడా వాళ్ళే ఉతికిపెడతారు.

“మరి యుద్ధం ఎందుకొచ్చినట్టు సార్? పొలం గట్టు తగాదానా?” అంది నల్లజాతి నటి ఒడెస్సా, తలగుడ్డ బిగించుకుంటూ.

“అన్నదమ్ముల గొడవ. నువ్వు ఆ ఇంట్లో వంటమనిషివి, అంతే.”

“వంటమనిషికి జీతముంటుందిగా?”

“వాగకు. చివర్లో ‘మిమ్మల్నొదిలి ఎక్కడికీ పోనమ్మా’ అని ఏడువు, చాలు.”

ఆ రోజుల్లో నాటకం ఆడుతుండగానే ఇంటింటా కనిపించేది. తప్పు జరిగితే దిద్దుకునే వీల్లేదు.

చివరి రంగంలో యజమానురాలు కన్నీళ్ళతో అంది: “యుద్ధం అయిపోయింది. నువ్విక వెళ్ళొచ్చు.”

ఒడెస్సా గరిటె కింద పెట్టింది. ఏప్రన్ విప్పి, మడిచి, ఆవిడ చేతిలో పెట్టి, వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఏడవాల్సిన మనిషి లేక కెమెరా ఆ తలుపునే చూస్తూ ఉండిపోయింది.

ప్రసారం ముగియగానే విట్లాక్ ఊగిపోతూ వచ్చాడు. “ఆ మాట ఎందుకనలేదు?”

“వంటమనిషినే అన్నారుగా సార్,” అంది ఒడెస్సా, తలగుడ్డ విప్పుతూ. “పని మానేశాను.”